రాయడం చదువుకుంటానంటే ఎందుకు నవ్వుతారు?

మొన్న భద్రాచలం అవతలి నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. కోయ పిల్ల. డిగ్రీ అయిపోయింది. ఇంట్లో బీఈడీ చెయ్యమంటున్నారు. గురుకులంలో కలిసి చదివిన దోస్తులు గ్రూప్స్ కోచింగ్‌కని హైదరాబాద్ పోయారు. ఈమె మాత్రం ఇట్లా అడిగింది: "అన్నా, కథలు రాసుడు మీద గూడ యూనివర్సిటీల డిగ్రీ ఉంటదంట గదా, నిజమేనా? మా సార్‌ని అడిగితే నవ్విండు."

ఆ నవ్వు గురించే ఈ వారం రాస్తున్నాం.

ఆదివాసీ పిల్ల నర్సు అవుతానంటే ఎవరూ నవ్వరు. టీచర్ అవుతానన్నా, కానిస్టేబుల్ అవుతానన్నా మెచ్చుకుంటారు. రచయిత అవుతాను, అది కూడా చదువుకుని అవుతాను అంటే మాత్రం నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనక ఒక పాత లెక్క ఉంది. మన గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు, మనం రాయబడేవాళ్లం అన్నది ఆ లెక్క.

లెక్క ఎక్కడ మొదలైందో చూద్దాం. నిజాం కాలంలో ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్ 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో గోండుల మీద పుస్తకాలు అచ్చేశాడు. అదే 1945లో గోపీనాథ్ మహంతి కొరాపుట్ కొండల్లోని పరజల మీద ఒడియాలో నవల రాశాడు. తర్వాత కోందుల మీద రాసిన 'అమృతర సంతాన'కు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బిర్సా ముండా మీద మహాశ్వేతాదేవి రాసిన 'అరణ్యేర్ అధికార్'కు 1979లో అదే అవార్డు. వీళ్లను తిట్టడానికి ఈ పేర్లు చెప్పడం లేదు. హైమండార్ఫ్ మార్లవాయిలో గోండి వాచకాలతో టీచర్లకు శిక్షణ ఇప్పించినవాడు. మహాశ్వేతాదేవి మనవాళ్ల కేసుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. కానీ ఎనభై ఏళ్లుగా కలం ఒకే వైపు ఉందన్నది కూడా నిజమే కదా.

సరే, చెల్లి అడిగిన దానికి జవాబు: ఉంది. నిజంగానే ఉంది. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో 1936 నుంచి రచయితల వర్క్‌షాప్ నడుస్తోంది. రెండేళ్లు చదివి, థీసిస్ బదులు కథలో కవితలో నవలో ఇస్తే డిగ్రీ ఇస్తారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో ఇట్లాంటి ఎం.ఏ. మొదలుపెట్టింది. 2017లో నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో అక్కడ చదివినవాడే. కేరళలో తిరూరు మలయాళ విశ్వవిద్యాలయంలో సాహిత్య రచన మీద ఎం.ఏ. ఉంది, అదీ మలయాళంలో. మన దగ్గర తెలుగు ఎం.ఏ. అంటే ప్రధానంగా సాహిత్య చరిత్ర, వ్యాకరణం, భాషాశాస్త్రం, విమర్శ. కొన్ని చోట్ల డిగ్రీలో సృజనాత్మక రచన అని ఒక పేపరు పెడతారు. దానికీ నోట్సే బట్టీ పడతారు పిల్లలు.

"రాయడం పుట్టుకతో రావాలి, నేర్పితే వస్తుందా?" అనేవాళ్లు ఉంటారు. ఈ మాట చదువుకున్న ఇళ్లలోనే ఎక్కువ వినిపిస్తుంది. అక్కడ పుస్తకాల బీరువా, ఇంగ్లీషు పేపరు, కవి మామయ్య అన్నీ ముందే ఉంటాయి. నేర్పకుండానే వచ్చినట్టు కనిపిస్తుంది. మన దగ్గర ఎవరూ అట్లా అనుకోలేదు. ఆదిలాబాద్ తోటి పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చునే కిక్రి వాయించడం, గోండుల కథ పాడటం నేర్చుకున్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ కోయ వంశాల చరిత్రలు పాడారు. ఆ విద్యకు గురువులున్నారు, ఏళ్ల తరబడి వినడం ఉంది, తప్పు పాడితే సరిదిద్దే పెద్దలున్నారు. కళను నేర్పవచ్చు అనేది మనకు అమెరికా చెప్పిన సంగతి కాదు.

అయితే ఆ క్లాసులో ఎట్లా నేర్పుతారో కూడా తెలుసుకోవాలి. గొడవంతా అక్కడే ఉంది.

వర్క్‌షాప్ పద్ధతి ఇట్లా ఉంటుంది. పది పన్నెండు మంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు రాసింది అందరూ ముందే చదివి వస్తారు. దాని మీద మాట్లాడతారు. ఇక్కడ బాలేదు, ఇది అర్థం కాలేదు, ఈ పాత్ర ఎందుకిట్లా చేసింది అని. చాలా చోట్ల ఒక నియమం పెట్టారు: ఆ మాటలు సాగుతున్నంత సేపూ రాసినవాళ్లు నోరు తెరవకూడదు. రాసింది రాసినట్టుగా తనంతట తాను నిలబడాలని దాని వెనక ఆలోచన. చెడ్డ ఆలోచనేం కాదు. అందరూ ఒకే రకం ఇళ్లనుంచి వచ్చినప్పుడు బాగానే పనిచేస్తుంది.

ఇప్పుడు మన చెల్లిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆమె కథలో భూమి పండుగ వస్తుంది. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారుజామున పోవడం వస్తుంది. పోడు మీద ఫారెస్టు వాళ్లు వచ్చి పత్తి చేను పీకేయడం వస్తుంది. మిగతా పదకొండు మంది "ఈ పండుగ ఏంటో వివరించాలి", "ఈ మాటకు అర్థం ఇవ్వాలి", "ఫారెస్టు ఆఫీసర్‌ను మరీ విలన్ చేశారు" అంటారు. ఆమె మాట్లాడకూడదు. ఆశ్రమ పాఠశాలలో మొదటి రోజు నుంచి తన భాషలో నోరు తెరవలేక వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు యూనివర్సిటీ ఇచ్చే పాఠం మళ్లీ మౌనమేనా?

ఇది మన ఊహ కాదు. 1970ల చివర అయోవాలో ఒకే బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఒకరు మస్కోగీ తెగకు చెందిన జాయ్ హార్జో. ఇంకొకరు షికాగోలో పెరిగిన మెక్సికన్ కుటుంబపు పిల్ల సాండ్రా సిస్నెరోస్. ఇళ్లు, అటకలు, జ్ఞాపకాల మీద క్లాసులో చర్చ జరుగుతుంటే, తనకు అట్లాంటి ఇల్లే లేదని సిస్నెరోస్‌కు అక్కడే తట్టింది. సిగ్గుపడింది, తర్వాత కోపమొచ్చింది. ఆ కోపంలోంచే ఆమె తన వీధి గురించి రాసిన 'ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' 1984లో వచ్చింది. ఇద్దరికీ 1978లో డిగ్రీ వచ్చింది. హార్జో 2019లో అమెరికా జాతీయ కవి అయింది. ఆ దేశపు మూలవాసుల్లోంచి ఆ పదవికి వచ్చిన మొదటి మనిషి ఆమే. క్లాసు వాళ్లను తయారు చేసిందా, క్లాసుతో పోట్లాట తయారు చేసిందా అంటే, రెండూ కొంచెం కొంచెం అని మాకు అనిపిస్తుంది. 2014లో జూనో డియాజ్ అనే రచయిత తను చదివిన క్లాసులో తెల్లవాళ్ల పద్ధతి ఎట్లా రాజ్యమేలిందో బహిరంగంగా రాశాక ఆ చర్చ ఇంకా ఆగలేదు. మౌనం నియమాన్ని ఎత్తేసిన క్లాసులు ఇప్పుడు చాలా ఉన్నాయి.

మన ఊళ్లలో కథ చెప్పే పద్ధతి గుర్తుచేసుకోండి. ఊఁ కొట్టేవాడు లేకుండా కథ నడవదు. వినేవాడు నిద్రపోయాడా, విసుక్కున్నాడా అన్నది ఊఁలోనే తెలిసిపోతుంది. మధ్యలో ముసలమ్మ లేచి "అట్లా కాదు, ఏరు దాటినంక కదా పులి వచ్చింది" అంటుంది. చెప్పేవాడు ఒప్పుకుంటాడు, లేకపోతే "మా ఊళ్లో ఇట్లాగే చెప్తారు" అని జవాబిస్తాడు. ఇది కూడా వర్క్‌షాపే. కాకపోతే ఇక్కడ చెప్పేవాడి నోరు మూయరు.

మనం గట్టిగా చూడాల్సిన కాలేజీ అయోవా కాదు, న్యూ మెక్సికో రాష్ట్రంలో శాంటా ఫేలో ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికన్ ఇండియన్ ఆర్ట్స్. 1962లో ప్రభుత్వమే పెట్టింది. అదే ప్రభుత్వం 1879లో కార్లైల్ బడి తెరిచి తెగల పిల్లల జుట్టు కత్తిరించి, వాళ్ల భాష మాట్లాడితే శిక్షించిన ప్రభుత్వం. హార్జో అయోవాకు పోకముందు, హైస్కూలు వయసులో చదివింది ఈ శాంటా ఫేలోనే. 2013లో అక్కడ రచనలో మాస్టర్ డిగ్రీ మొదలుపెట్టారు. దాని ఏర్పాటు గమనించండి: ఏడాదికి రెండుసార్లు, వారం పది రోజులు క్యాంపస్‌లో ఉంటే చాలు. మిగతా కాలం ఇంటి దగ్గరే ఉండి రాస్తూ, ఒక రచయితకు పంపుతూ, దిద్దుకుంటూ ఉండొచ్చు. ఉద్యోగం ఉన్నవాళ్లు, చంటిపిల్లలున్న తల్లులు, ఊరు విడవలేనివాళ్లు చదువుకోవడానికి వీలైన పద్ధతి. క్లాసులో పండుగ ఏంటో వివరించమని అడిగేవాళ్లు తక్కువ. షయెన్, అరాపహో తెగల టామీ ఆరెంజ్, కెనడా నుంచి వచ్చిన టెరీస్ మేరీ మెయిల్‌హాట్ అక్కడి తొలి ఏళ్ల విద్యార్థులు. 2018లో ఇద్దరి మొదటి పుస్తకాలూ వచ్చాయి. ఆరెంజ్ నవల 'దేర్ దేర్' మరుసటి ఏడాది పులిట్జర్ తుది జాబితాలో నిలిచింది. అది రిజర్వేషన్ భూముల కథ కాదు, ఓక్లాండ్ నగరంలో బతికే మూలవాసుల కథ. నెమళ్లు, వెన్నెల, అమాయకత్వం ఏమీ లేవు. బస్తీ ఉంది, తాగుడు ఉంది, తుపాకీ ఉంది. మనల్ని అడవి బొమ్మల్లో తప్ప చూడలేని పాఠకులకు మనవాళ్లు రాసిచ్చే జవాబు ఇట్లాంటిదే అయి ఉంటుంది.

కాబట్టి మా డిమాండ్ ఇది. విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం రాశారు. విజయనగరం జిల్లాలో 2019లో మొదలైంది. ములుగుకు 2023లో చట్టం వచ్చింది, సమ్మక్క సారక్క పేరు పెట్టారు. పేరు మనది. పాఠం కూడా మనదైతే బాగుంటుంది. రెండేళ్ల రచనా కోర్సు పెట్టండి. కోయ, గోండి, కువి, సవర, తెలుగు, ఏ భాషలో రాసినా తీసుకోండి. రాయని, చెప్పిన కథను రికార్డు చేసి ఇచ్చినా పరీక్షకు లెక్కపెట్టండి. డోలి కోయలను, తోటి కళాకారులను గురువులుగా పిలవండి. "వాళ్లకు డిగ్రీలు లేవు కదా" అంటారేమో. 2022 సెప్టెంబరులో యూజీసీయే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను, డిగ్రీలతో పని లేకుండా, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా పెట్టుకోవచ్చు. సాహిత్యం, కళలు ఆ జాబితాలో ఉన్నాయి. దారి ఉంది, నడిచే మనసు కావాలి.

భాష సంగతి ఇంకొక్క మాట. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, గిడుగు రామమూర్తి పుట్టిన రోజని. మనం ఇప్పుడు రాస్తున్న ఈ మామూలు తెలుగు పరీక్షల్లోకి, పుస్తకాల్లోకి రావడానికి ఆయన జీవితమంతా కొట్లాడాడు. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవరలో బడిపుస్తకాలు రాసి, 1931లో సవర వ్యాకరణం అచ్చేయించింది కూడా ఆయనే. సభల్లో ఆ రెండో సగం చెప్పరు. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి కట్టాడన్నది అసలే చెప్పరు.

ఇక చెల్లీ, నీకు నిజం చెప్పాలి. ఈ డిగ్రీ ఉద్యోగం ఇవ్వదు. మన దగ్గర లెక్చరర్ కావాలంటే నెట్టో సెట్టో పిహెచ్‌డీయో అడుగుతారు, కథల పుస్తకం చూసి కుర్చీ వెయ్యరు. అమెరికాలో కొన్ని చోట్ల ఫీజు తీసేసి జీతం కూడా ఇస్తారు, చాలా చోట్ల వసూలు చేస్తారు. కేంద్రం ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్‌లు దేశం మొత్తానికి ఏడాదికి ఇరవై. అప్పు చేసి మాత్రం పోవద్దు. పోడు పట్టా తాకట్టు పెట్టి కథ నేర్చుకోవాల్సిన పని లేదు. మీ నాన్న బీఈడీ చెయ్యమంటే ఆయన తప్పేం లేదు, ఆయన చూసిన ఆకలి ఆయనది.

డిగ్రీ లేకుండా రాసినవాళ్లు కూడా ఉన్నారు. సంతాలీ రచయిత హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ డాక్టరు. ఆయన 2015లో వేసిన కథల పుస్తకం పేరే 'ఆదివాసీ ఇక ఆడడు' అని. 2017లో జార్ఖండ్ ప్రభుత్వం దాన్ని నిషేధించి ఆయన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. తర్వాత నిషేధం ఎత్తేశారనుకోండి. కానీ ఆ పుస్తకం మీద కోపగించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, మా ఆడవాళ్లను చెడ్డగా చూపావని. ఇది కష్టమైన విషయం, దీన్ని ఒక వాక్యంలో తేల్చలేం. మనలో ఒకరు మనకు నచ్చనిది రాసినప్పుడు ఏం చెయ్యాలి? పుస్తకం తగలబెట్టాలా, ముసలమ్మలాగా లేచి "అట్లా కాదు" అని చెప్పాలా? దీని గురించి మాట్లాడుకునే గది మనకు ఇప్పటిదాకా లేదు. ఆ కోర్సు కావాలని మేం అడగడానికి ఉద్యోగం కన్నా ఇదే పెద్ద కారణం.

చెల్లి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. బీఈడీ ఎంట్రన్స్ రాస్తానంది. నిన్న రాత్రి వాట్సాప్‌లో పదకొండు పేజీలు ఫోటో తీసి పంపింది. సగం తెలుగు, సగం తెలుగు అక్షరాల్లో కోయ. కింద మెసేజ్: "మా తాతమ్మకు చదివి వినిపించినన్నా. నాలుగో పేజీల పాట తప్పు రాసిన్నంట. మల్ల రాస్తున్న."