చిన్న దిద్దుబాటు చిన్న పనేమీ కాదు

నిఘంటువులో ఒక మాట వెతకాలంటే మీరేం చేస్తారు? మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పుతారా? తిప్పరు. మధ్యకు తెరుస్తారు. కావలసిన మాట అంతకు ముందుందో, తరువాత ఉందో చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తారు. మిగిలిన సగాన్ని మళ్ళీ మధ్యకు తెరుస్తారు. ఈ పద్ధతిలో పది లక్షల మాటలున్నా ఇరవై సార్లలో దొరికిపోతుంది. కంప్యూటరు కూడా ఇలాగే వెతుకుతుంది.

మరి మధ్య ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? మొదటి స్థానం సంఖ్యనూ, చివరి స్థానం సంఖ్యనూ కలిపి రెండుతో భాగిస్తే సరి. ఇందులో తప్పేముంది? మీ లెక్కల మాస్టారు కూడా ఏమీ లేదనే అంటారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే ప్రోగ్రాములలో ఈ లెక్కే సుమారు తొమ్మిదేళ్ళు ఉంది. ఎందరో వాడారు. అందరూ సరైనదనే నమ్మారు.

2006లో తప్పు బయటపడింది. జావాలో మామూలు పూర్ణసంఖ్యకు 32 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. దానికి ఒకటి కలిపితే వచ్చేది ఋణసంఖ్య! జాబితాలో అంశాలు సుమారు 107 కోట్లు దాటితే ఆ కూడిక హద్దు మీరవచ్చు. అప్పుడు ప్రోగ్రాము ఆగిపోతుంది.

దీనికి మందు ఒక్క పంక్తి. చివరి సంఖ్యలో నుంచి మొదటిది తీసివేసి, ఆ తేడాలో సగాన్ని మొదటిదానికి కలపాలి. 40, 60 తీసుకోండి. తేడా 20, సగం 10, జవాబు 50. జవాబు మారలేదు, హద్దూ దాటలేదు. ఆ ప్రోగ్రాము రాసిన జాషువా బ్లాకే ఈ తప్పును లోకానికి వెల్లడించాడు. అది సిగ్గుపడవలసిన పని కాదు, శాస్త్రీయ దృక్పథం.

ఒకసారి సరిగా రాస్తే మళ్ళీ ముట్టుకోవడమెందుకని కొందరంటారు. కాని ఇక్కడ ప్రోగ్రాము మారలేదు. కంప్యూటర్ల జ్ఞాపకశక్తి పెరిగింది, జాబితాలు పెరిగాయి. లోకం మారుతున్నంత కాలం మరమ్మతు తప్పదు.

వివరణ పుస్తకాల సంగతీ అంతే. పైథాన్ భాషలో 'రేంజ్(1, 10)' అంటే 1 నుంచి 9 వరకే. ఆ మాట స్పష్టంగా రాయకపోతే, 1 నుంచి 10 వరకు కూడబోయిన విద్యార్థికి 55 బదులు 45 వస్తుంది. ప్రోగ్రాములో దోషం లేకపోయినా జవాబు తప్పే! అందుచేత వివరణలో ఒక వాక్యం సరిచేయడం కూడా ప్రోగ్రాము సరిచేయడంతో సమానమని నా అభిప్రాయం.

చెరువు తవ్వించినవారి పేరు శాసనంలో ఉంటుంది. ఏటా గట్టుకు పడ్డ గండ్లు పూడ్చినవారి పేరు ఎక్కడా ఉండదు. కాని చెరువులో నీరు నిలిచేది వారి వల్లనే కదా! ప్రోగ్రామింగ్ భాషలూ అంతే. 1991లో పైథాన్‌ను మొదట విడుదల చేసిన గైడో వాన్ రోసమ్ పేరు చాలామందికి తెలుసు. ఆ తరువాత దాన్ని దిద్దుతూ వస్తున్నవారు ఎందరో!

మిత్రులారా! పైథాన్ ప్రోగ్రామునూ, వివరణనూ ఎవరైనా చదవవచ్చు, దిద్దుబాటు సూచించవచ్చు. మీకు తప్పు కనిపిస్తే నవ్వి ఊరుకోకండి. ఎక్కడుంది, ఏం చేస్తే కనిపిస్తుంది, ఏం రావాలి, ఏం వచ్చింది - ఈ నాలుగూ కాగితం మీద రాయండి. సగం మరమ్మతు అక్కడే పూర్తవుతుంది.