వీడ్కోలు కూడా చికిత్సలో భాగమే

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లకోసారి వచ్చి, నెల రోజులుండి వెళ్లిపోతాడు. విమానాశ్రయం నుంచి తిరిగివచ్చే దారిలో ఏడేళ్ల కొడుకు వెక్కి వెక్కి ఏడిస్తే, "మగపిల్లాడివి బేటా, ఏడవకూడదు" అని పెద్దలు సముదాయించారు. పిల్లవాడు ఏడవడం మానేశాడు. ఇప్పుడతనికి 35 ఏళ్లు. భార్యకు జ్వరం వస్తే మందులు తెస్తాడు, పక్కన మాత్రం కూర్చోడు. "అమ్మీ, ఆయన ఇంట్లో ఉంటారు గాని మాతో ఉండరు" అని ఆమె తన తల్లి వద్ద వాపోతుంది. ఇటీవల అబ్బా మరణించాక అతనికి నిద్ర కరువైంది. కంట తడి మాత్రం లేదు.

అతనిది రాతిగుండె అని తీర్పు చెప్పడం తేలిక. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ (1907–1990) చూపిన మార్గం వేరు. ఆపదలో తనకు అండగా నిలిచే మనిషికి దగ్గరగా ఉండాలని కోరుకోవడం ఆకలి వంటి సహజమైన అవసరమని ఆయన వివరించారు. ఇదే అనుబంధ సిద్ధాంతం. ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలోనూ, తరువాత అమెరికాలోనూ తల్లీబిడ్డలను పరిశీలించారు. తల్లి కాసేపు దూరమై తిరిగివచ్చినప్పుడు కొందరు పిల్లలు త్వరగా ఊరడిల్లారు. కొందరు ఎంతకీ ఊరడిల్లలేదు. మరికొందరు అసలేమీ పట్టనట్లు ముఖం తిప్పుకున్నారు. పైకి నిశ్చలంగా కనిపించిన ఈ పిల్లల గుండె కూడా ఆ సమయంలో వేగంగానే కొట్టుకుంటుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. మన కథలోని ఆ కుమారుని పరిస్థితీ ఇలాంటిదే కావచ్చు.

ముప్ఫై ఏళ్లుగా పాతుకుపోయిన అలవాటును కొద్ది వారాల చికిత్స మార్చగలదా? ఈ సందేహం సహజమే. అయితే స్వల్పకాలిక చికిత్స బాల్యాన్నంతటినీ తవ్వి తీయదు. అది వర్తమానంలోని ఒక సమస్యను ఎంచుకుంటుంది. 1970 దశకంలో అమెరికాలో రూపొందిన 'ఇంటర్‌పర్సనల్ థెరపీ' బౌల్బీ ఆలోచనలను ఆధారం చేసుకున్నదే. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. ఆప్తుల మరణం, అయినవారితో తగాదా, జీవితంలో వచ్చిన పెద్ద మార్పు వంటి వాటిలో ఒకదానిపై దృష్టి నిలుపుతారు. మన ఉదాహరణలో అది తండ్రి మరణం.

ఇక్కడ చికిత్సకుడు కొంతకాలం పాటు భద్రమైన ఆధారంగా నిలుస్తాడు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు అందుబాటులో ఉంటాడు. దూరం పాటించే వ్యక్తిని తొందరపెట్టడు. మనసు విప్పి మాట్లాడిన మరుసటి వారమే అతడు రాకపోతే, నిందించకుండా దాని గురించే సున్నితంగా అడుగుతాడు. క్షణక్షణం భరోసా కోరే వ్యక్తికైతే, తన కాళ్లపై తాను నిలబడే ధైర్యాన్ని కొంచెం కొంచెంగా అలవరుస్తాడు.

అన్నింటికంటే ముఖ్యమైనది ముగింపు. చివరి సెషన్ ఎప్పుడో మొదట్లోనే తెలుస్తుంది. దాని గురించి చాలా ముందుగానే మాట్లాడుకుంటారు. ఆ కుమారునికి తెలిసిన వీడ్కోళ్లన్నీ పళ్లబిగువున భరించినవే. ఇప్పుడు వెళ్లిపోబోయే మనిషి ఎదుటే "నాకు బాధగా ఉంది" అని మొదటిసారి చెప్పగలిగితే, ఆ మాటను ఇంటికీ తీసుకువెళ్లగలడు. గడువు ఉండటం ఈ చికిత్సకు లోపం కాదు, దాని బలం.

ఇది అన్ని వ్యాధులకూ మందు కాదు. బాల్యంలో తీవ్ర హింసకు గురైనవారికి ఎక్కువ కాలం చికిత్స అవసరం కావచ్చు. ఆత్మహత్య ఆలోచనలు, మత్తు వ్యసనం ఉన్నవారిని ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఈ సిద్ధాంతాన్ని తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడానికి వాడరాదు. ఆ తండ్రి వెళ్లింది బిడ్డల అన్నం కోసమే. పిల్లలను పెంచే తల్లిదండ్రులకు సమాజం అండగా నిలవాలని బౌల్బీ 1951లోనే వాదించారు.

సోదర సోదరీమణులారా! మీ ఇంటి నుంచి ఎవరైనా దూరదేశం బయలుదేరితే, పిల్లవాడిని ఏడవనివ్వండి. మళ్లీ ఎప్పుడు వస్తారో నిజం చెప్పండి. ఏడుపు ఆగేవరకు పక్కన కూర్చోండి.