సర్వర్ కొనే ముందు తెల్లకాగితం తీయండి

మాది గుడుపల్లె. బెంగళూరు-జోలార్‌పేట రైలు మార్గంలో చిన్న స్టేషన్. మా మండలంలో ఇంజినీరింగ్ చదివినోళ్లు చాలామంది బ్యాగు తగిలించుకుని బెంగళూరు వైపు రైలెక్కేస్తారు. నేను మాత్రం బీటెక్ అయ్యాక కుప్పం దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సిస్టమ్ అడ్మిన్‌గా చేరాను. హోదా పెద్దదే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవాళ్లు.

అక్కడ 18 కంప్యూటర్లు, వాటన్నిటికీ కలిపి ఒకే పాత సర్వర్. అందులో విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉండేది. 2023 అక్టోబరు 10తో మైక్రోసాఫ్ట్ దానికి భద్రతా అప్‌డేట్లు ఆపేస్తుందని తెలిసి, కొత్తది కొనాల్సిందేనని మా యజమానిని ఒప్పించాను. డబ్బు పెట్టించడం అయింది. పని ఎట్లా పంచాలో మాత్రం ఎవరం ఆలోచించలేదు. ఒక ఆదివారం కూర్చుని లాగిన్లు, ఫైళ్లు, ట్యాలీ, ప్రింటర్లు అన్నీ కొత్తదానిలోకి మార్చాను. పాతదాని ఐపీ అడ్రస్‌నే కొత్తదానికిచ్చి, పాతదాన్ని ఆపేశాను. సోమవారం ఏ ఇబ్బందీ రాలేదు. యజమాని మెచ్చుకుని బిర్యానీ తెప్పించాడు.

గురువారం ఒక కంప్యూటర్‌కి నెట్‌వర్క్ పోయింది. కేబుల్ మార్చాను. శనివారం ఇంకో రెండు పోయాయి. స్విచ్ పాడైందనుకుని కొత్త స్విచ్ కొనిపించాను. రెండో సోమవారం పొద్దున ఆఫీసు దాదాపు మొత్తం ఆగిపోయింది. బయట చెన్నై పోర్టుకు పోవాల్సిన లారీ లోడై నిలబడి ఉంది. ఈ-వే బిల్లు తీయాలి, ఇన్వాయిస్ ఉన్న ట్యాలీ తెరుచుకోదు. "ఏమప్పా, పాతదే మేలు కదా?" అని యజమాని అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తప్పు నాదే. కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ అనే పని కూడా పాత సర్వరే చేసేది. అది నాకు తట్టనే లేదు. ఆ అడ్రస్ ఇంటి అద్దె ఒప్పందం లాంటిది. విండోస్ సర్వర్‌లో మనం మార్చకపోతే గడువు ఎనిమిది రోజులు. శనివారం ఒప్పందం చేసుకున్న కంప్యూటర్లు వారమంతా హాయిగా నడిచాయి. అంతకుముందు సెలవులో ఉన్నవాళ్ల కంప్యూటర్లు ముందే రోడ్డున పడ్డాయి. గడువు తీరాక పొడిగించేవాడు లేక, అన్నీ 169.254తో మొదలయ్యే పనికిరాని అడ్రస్‌లు తగిలించుకుని కూర్చున్నాయి. కారణం వెతకడానికి సగం రోజు పట్టింది. సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు.

ఇది చెప్పడానికి సిగ్గుపడటం మానేశాను, ఎందుకంటే తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూల్లో నాకు పనికొచ్చిన కథ ఇదొక్కటే. మన కాలేజీల్లో డీహెచ్‌సీపీ అంటే ఏమిటో రెండు మార్కుల ప్రశ్నగా చదువుతాం. అది ఆగిపోతే ఆఫీసులో ఏం ఆగిపోతుంది, ఎన్ని రోజులకు ఆగిపోతుంది అని ఎవరూ అడగరు. ఉద్యోగంలో అడిగేది మాత్రం అదే.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సర్వర్ అంటే పెట్టె కాదు, అది చేసే పనుల జాబితా. చిన్న వ్యాపారం నెట్‌వర్క్ మార్చేటప్పుడు ముందు కొటేషన్ తీయకూడదు, కాగితం తీయాలి. ఈ సర్వర్ ఏమేం చేస్తోంది? ఒక్కో పని ఎవరికి కావాలి? ఆగితే ఎంతసేపు ఓర్చుకోగలరు? మా యూనిట్‌లో ట్యాలీ ఆగితే గంటలో లారీ ఆగుతుంది. ప్రింటర్ ఆగితే పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్క గదికి పోతారు. ఈ రెండింటికీ ఒకే ప్రాధాన్యం ఇవ్వడం తెలివితక్కువతనం.

తర్వాత ఏ పని దేనితో కలపాలన్నది వస్తుంది. ఇక్కడే కుర్రాళ్లు రెండు రకాలుగా తప్పుతారు. కొందరు నాలా అన్నీ ఒకదాంట్లో కుక్కుతారు. ఇంకొందరు యూట్యూబ్‌లో పెద్ద కంపెనీల డిజైన్లు చూసి, 18 కంప్యూటర్ల ఆఫీసుకు ఆరు సర్వర్లు గీస్తారు. యజమాని ఆ కొటేషన్ చూసి దండం పెడతాడు. నా లెక్కలో మా యూనిట్‌కు మంచి యంత్రం ఒకటి, అందులో హైపర్-వీ మీద రెండు వర్చువల్ సర్వర్లు చాలు. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్స్ యంత్రంలోని కోర్లన్నిటికీ సరిపడా తీసుకుంటే, రెండు వర్చువల్ సర్వర్లు నడుపుకునే హక్కు ఎలాగూ వస్తుంది. మొదటిదానిలో డొమైన్ కంట్రోలర్, డీఎన్‌ఎస్‌, డీహెచ్‌సీపీ. చిన్న ఆఫీసులో ఈ మూడూ ఒకే గూట్లో ఉన్నా ఫర్వాలేదు. రెండోదానిలో ట్యాలీ, ఫైళ్లు, ప్రింటర్లు. డేటాబేస్‌ను డొమైన్ కంట్రోలర్ మీద పెట్టవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. కారణం సులువు. ట్యాలీ వాళ్లు వచ్చి ఏదో అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొడితే, ఆఫీసంతా లాగిన్ పోకూడదు. అసలు యంత్రం మీద హైపర్-వీ తప్ప వేరే పని పెట్టొద్దు. సీసీ కెమెరాల రికార్డింగ్‌ను ఈ యంత్రం దరిదాపులకు రానివ్వొద్దు. అది డిస్క్‌ను మింగేస్తుంది.

ఆరేడు కంప్యూటర్లే ఉన్న దుకాణానికైతే ఇదంతా అక్కర్లేదు. అడ్రస్‌లు రూటరే పంచుతుంది, ఫైళ్లకు ఒక నాస్ పెట్టె సరిపోతుంది. "మీకు సర్వర్ వద్దండీ" అని చెప్పగలిగినవాడికే రేపు ఆ యజమాని ఫోన్ చేస్తాడు.

బ్యాకప్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాన్ని కూడా అదే యంత్రంలో ఇంకో డిస్క్‌లో పెట్టి "బ్యాకప్ ఉంది సార్" అనేవాళ్లు చాలామంది. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు మన చిత్తూరు సహా రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయని వార్తలొచ్చాయి. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లొసుగు ద్వారా అది పాకింది. ఆ లొసుగు పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అట్లాంటిది సర్వర్‌లో దూరితే, షేర్ చేసి పెట్టిన బ్యాకప్‌నూ తాళం వేసేస్తుంది. ఇక నిప్పు సంగతి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలకు భూముల ఫైళ్లు కాలిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. కాగితమైనా డిస్కయినా ఒకే గదిలో ఒకే ప్రతి ఉంటే జరిగేది అదే. కాబట్టి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఆవరణ బయట. ఆ బయటి ప్రతికి డొమైన్ పాస్‌వర్డ్‌తో సంబంధం ఉండకూడదు. నెలకోసారి ఒక ఫైలైనా వెనక్కి తెచ్చి చూడాలి. చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

మా ప్రాంతానికి కంప్యూటర్లు కొత్త కాదు. 2002లో హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు వెలిశాయి. మహిళలు సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లతో ఫొటోలు తీసి సంపాదించారు. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ని. పరికరాలు అంత దూరం నుంచి మా దగ్గరికి వచ్చాయి, వాటిని చూసుకునే చదువు చదివిన మేమేమో ఇక్కణ్నుంచి పోతూనే ఉన్నాం. మదనపల్లె టమోటా మండీల్లో, పుంగనూరు దుకాణాల్లో, కుప్పం గ్రానైట్ యూనిట్లలో లెక్కలన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటికి ఫుల్‌స్టాక్ డెవలపర్ అక్కర్లేదు. ఏది ఆగితే ఏం ఆగుతుందో చెప్పగలిగేవాడు కావాలి. జీతం బెంగళూరంత రాదు, అది దాచను. కానీ మొదటి రెండేళ్లలో నేను ఇక్కడ ముట్టుకున్నన్ని పనులు, పెద్ద కంపెనీలో టికెట్లు మూసే నా స్నేహితులకు దొరకలేదు.

సాధన చేయడానికి డబ్బు అక్కర్లేదు. విండోస్ సర్వర్‌ను 180 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ కూడా ఉచితమే. ఒక సర్వర్, ఒక క్లయింట్ పెట్టుకోండి. డీహెచ్‌సీపీ గడువును ఎనిమిది రోజుల నుంచి పది నిమిషాలకు తగ్గించి, ఆ సర్వీసును ఆపేయండి. టీ తాగి వచ్చి క్లయింట్‌లో ఏమైందో చూడండి. తర్వాత మీ కాలేజీ ల్యాబ్ సర్వర్ ఏమేం పనులు చేస్తోందో ల్యాబ్ సార్‌ను అడిగి ఒక పేజీ రాయండి. రెజ్యూమెలో సర్టిఫికెట్ల వరుస కన్నా ఆ పేజీ గురించి మాట్లాడటం మీకే తేలిక.

ఆ సోమవారం తర్వాత నేను రాసిన పేజీ ఆ యూనిట్‌లో ర్యాక్ తలుపుకు ఇప్పటికీ అంటించే ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను. నా తర్వాత చేరిన అమ్మాయి కింద నీలం పెన్నుతో ఇంకో వరుస చేర్చింది. వేలిముద్రల హాజరు మిషన్ అట. అదీ ఆ సర్వర్‌కే డేటా పంపుతుంది. దాన్ని కూడా నేను రాయలేదు.