ఫోనుకూ వడదెబ్బ

“బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలి, సగంలో పెడితే చెడిపోతుంది” అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. దాదీలు మొదలుకొని కాలేజీ పిల్లల వరకు దీన్ని నమ్మేవారు మాకు తారసపడుతూనే ఉంటారు. ఈ నమ్మకం పూర్తిగా నిరాధారమైనది కాదు, కాలం చెల్లినది మాత్రమే. మన దేశంలో 1995లో మొబైల్ సేవలు ఆరంభమైన తొలి రోజుల ఫోన్లలో నికెల్ రకం బ్యాటరీలు ఉండేవి. వాటిలో నికెల్ కాడ్మియం బ్యాటరీని పదేపదే సగంలో చార్జి చేస్తే, అది ఆ సగాన్నే తన పూర్తి సామర్థ్యంగా చూపే ప్రమాదం ఉండేది. నేడు మన చేతుల్లో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. సోనీ సంస్థ 1991లో దీన్ని తొలిసారి విపణిలోకి తెచ్చింది. దీని రూపకల్పనకు మూలపురుషులైన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీకి ఆ పాత జబ్బు లేదు. పైగా పదేపదే పూర్తిగా ఖాళీ చేయడమే దీనికి హానికరం.

ఇంత చిన్న వస్తువు కోసం ఒక నెల శీర్షికను కేటాయించడం అవసరమా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. గల్ఫ్‌లో పనిచేస్తున్న కొడుకు ముఖం తల్లి చూసుకునేది ఈ ఫోన్‌లోనే. బ్యాంకు ఓటీపీ వచ్చేది దీనికే. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయే ఫోన్ ఆ ఇంటికి ఉన్నా లేనట్టే. ఈనాటి ఫోన్లలో చాలావాటికి వెనుక పలక అతికించి ఉంటుంది గనుక, పూర్వంలా మనమే మూత తీసి బ్యాటరీ మార్చుకునే వీలూ లేదు.

లోపల జరిగేది ఏమిటో కొద్దిగా తెలుసుకుంటే అలవాట్లు వాటంతట అవే సర్దుకుంటాయి. చార్జి అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ఒక ధ్రువం నుండి బయలుదేరి, గ్రాఫైట్ ధ్రువంలోని పొరల మధ్య చోటు చేసుకుంటాయి. జుమా నాడు మసీదు నిండే తీరును ఊహించుకోండి. మొదట వచ్చినవారు సునాయాసంగా కూర్చుంటారు, చివర వచ్చినవారు ఇరుకులో సర్దుకోవాలి. 80 శాతం దాటాక చార్జింగ్ నెమ్మదించడానికి కారణం దాదాపు ఇదే. ఆ నిండుదనంలో వోల్టేజి అధికంగా ఉండి లోపలి పదార్థాలపై ఒత్తిడి పెరుగుతుంది. అందుచేత నిత్య వాడకంలో 20 నుండి 80 శాతం మధ్య ఉంచడం శ్రేయస్కరం. ప్రయాణం ఉన్న రోజు 100 శాతం నింపుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే బయలుదేరే ముందు నింపుకోవాలి.

మాటిమాటికీ కొద్దికొద్దిగా చార్జింగ్ పెడితే ఆయుష్షు తరుగుతుందనే భయం అక్కరలేదు. ఈరోజు సగం, రేపు సగం వాడితే అది ఒక పూర్తి ఆవృత్తిగా లెక్క. ఐఫోన్లలో 14వ శ్రేణి వరకు 500 ఆవృత్తుల తరువాత, 15వ శ్రేణి నుండి 1000 ఆవృత్తుల తరువాత మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలిచేలా రూపొందించామని ఆపిల్ సంస్థ చెబుతోంది. అయితే ఇది అనుకూల పరిస్థితులలో వాడినప్పటి మాట.

ఆ అనుకూలత అన్నింటికంటే ముందు చల్లదనం. మా దృష్టిలో శాతాల లెక్క తప్పినా కొంత క్షమార్హమే, వేడి విషయంలో అశ్రద్ధ మాత్రం కాదు. గ్రాఫైట్ మీద సహజంగా ఏర్పడే ఒక సన్నని పొర కాలక్రమంలో పెరుగుతూ లిథియంను హరిస్తుంది. వేడి ఆ పెరుగుదలను వేగిరపరుస్తుంది, అలా పోయిన సామర్థ్యం మళ్లీ రాదు. ఐఫోన్‌ను 0 నుండి 35 డిగ్రీల పరిసరాలలోనే వాడమని తయారీదారు సూచిస్తున్నారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు గదా! ఆ ఎండలో బైకు హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, దారి చూపే యాప్ నడుపుతూ, చార్జింగ్ కూడా పెట్టి తిరిగే కుర్రవాళ్లను చూస్తుంటే జాలి కలుగుతుంది. ఎండ, తెర, చార్జింగ్, ఈ మూడు వేడులూ ఒకేసారి ఆ చిన్న పెట్టె మీద పడుతున్నాయి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డుపై ఫోన్ వదిలి వెళ్లడమూ అంతే. గల్ఫ్‌లోని మన డ్రైవర్ సోదరులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

హజ్‌కు వెళ్లేవారికి ఇది మరింత ముఖ్యం. 2024 హజ్ రోజులలో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. అలాంటి చోట గుంపు నుండి విడిపోయిన వృద్ధునికి ఫోనే ఆధారం. ఎండలో చేత పట్టుకొని పవర్ బ్యాంకుతో చార్జి చేస్తే ఫోన్ వేడెక్కి చార్జింగును తానే ఆపివేయవచ్చు. సంచిలో గుడ్డ చాటున ఉంచి, నీడకు చేరాక చార్జి చేయడం మేలు. చల్లార్చే తొందరలో మంచు నీళ్ల సీసాకు ఆనించరాదు, లోపల తేమ చేరుతుంది. పవర్ బ్యాంకును విమానంలో చేతిసంచిలోనే తీసుకువెళ్లాలి, లగేజీలో వేయరాదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్ అవర్లు గనుక, సాధారణంగా అనుమతించే 100 వాట్ అవర్ల పరిమితికి లోబడే ఉంటుంది.

రాత్రంతా చార్జింగులో ఉంచవచ్చునా? నిండగానే ఫోన్‌లోని వలయం విద్యుత్తును ఆపుతుంది గనుక పొంగిపొర్లడం ఉండదు. కానీ గంటల తరబడి నిండుగా, వెచ్చగా ఉండటం దానికి మంచిది కాదు. చాలా ఫోన్ల సెట్టింగులలో బ్యాటరీ విభాగంలో 80 శాతం వద్ద ఆపే సదుపాయం ఉంది. మనం లేచే వేళను గ్రహించి, ఆ సమయానికి నింపే ఫోన్లూ ఉన్నాయి. రమజాన్‌లో నిద్రవేళలు మారినప్పుడు వాటి అంచనా కొన్నాళ్లు తప్పవచ్చు.

బ్యాటరీ ఆయుష్షు కన్నా విలువైనది మన ప్రాణం. సహరీకి అలారం వినిపించాలని ఫోన్‌ను చార్జింగ్ వైరుతో సహా దిండు కింద పెట్టుకొని పడుకునే అలవాటు పిల్లల్లోనే కాదు, పెద్దల్లోనూ ఉంది. దీన్ని ఈ రాత్రి నుండే మాన్పించండి. దూది, దుప్పటి వేడిని బయటకు పోనీయవు. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం. ఫోన్‌ను గచ్చు మీదనో బల్ల మీదనో, మందమైన పౌచ్ ఉంటే దాన్ని తీసి, పరుపుకు దూరంగా పెట్టాలి. అలారం అంత దూరం నుండీ వినబడుతుంది. దాన్ని ఆపడానికి లేచి నడవవలసి వస్తుంది గనుక మళ్లీ నిద్రపోయే అవకాశమూ తగ్గుతుంది. చార్జర్ కొనేటప్పుడు దానిపై బీఐఎస్ గుర్తు, ఆంగ్ల అక్షరం ‘ఆర్’తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. రోడ్డు పక్కన చవకగా దొరికేవాటిపై మాకు నమ్మకం లేదు.

మా మదరసాలో హాస్టల్ విద్యార్థుల ఫోన్లను తీసుకొని, సెలవులకు వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తాము. తీసుకునే ముందు సుమారు సగం చార్జి ఉండేలా చూసి, స్విచ్ ఆఫ్ చేయించి బీరువాలో పెడతాము. ఖాళీ బ్యాటరీతో నెలల తరబడి పడి ఉన్న ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు. ఇంట్లో అదనంగా ఉన్న పాత ఫోన్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఫోన్ వెనుక పలక పైకి లేచినా, తెర అంచు విడివడినా లోపల బ్యాటరీ ఉబ్బిందని గ్రహించాలి. అలాంటి ఫోన్‌ను చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, సూదితో పొడవకూడదు. వెంటనే ఆపివేసి సర్వీసు సెంటరుకు చేర్చండి. తీసివేసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా అక్కడే అప్పగించి రండి.