పరాన్నజీవి బతికితే చాలదు, వాసన పట్టాలి

కోటవురట్ల మండలంలో చెరకు వేసే రైతుకు పీక పురుగు కొత్త కాదు. లేత పిలకల మొవ్వు ఎండి, లాగితే ఊడి వచ్చేసరికి చేయి మందు డబ్బా వైపే పోతుంది. ముందుగానే ట్రైకోగ్రామా కార్డులు కట్టమని విస్తరణ శాస్త్రవేత్తలుగా మనం చెబుతున్నాం. ఏ మందు ఆ పరాన్నజీవికి సురక్షితమో చెప్పవలసిందీ మనమే. అందుకు తరచుగా మనం చూసేది కార్డు నుంచి ఎన్ని పురుగులు బయటికి వచ్చాయి, ఎన్ని చచ్చాయి అన్న లెక్క. ఆ లెక్క చాలదని నా అభిప్రాయం.

ట్రైకోగ్రామా ఆడపురుగు రెక్కల పురుగు రాల్చిన పొలుసుల వాసనను ఆసరా చేసుకుని గుడ్లను వెతుక్కుంటుంది. వాసన పట్టలేని పరాన్నజీవి బతికి ఉన్నా రైతుకు లేనట్టే.

కీటకపు ఘ్రాణ వ్యవస్థ రూపుదిద్దుకునే తీరును అమెరికాలో పొగాకును ఆశించే మాండ్యూకా సెక్స్‌టాలో (మన పొగాకు లద్దె పురుగు ఇది కాదు) అరిజోనా విశ్వవిద్యాలయంలో లెస్లీ టోల్బర్ట్, లిన్ ఓలండ్ తదితరులు వివరంగా పరిశీలించారు. ప్యూపా దశలో స్పర్శశృంగాల నుంచి నాడీ తంతువులు కలగాపులగంగా మెదడుకు చేరతాయి. ద్వారం వద్ద ఉన్న గ్లియా కణాల మధ్య అవి పాత జట్లు విడిచి, ఒకే గమ్యానికి పోయే తంతువులతో కలిసి, లోపల గుండ్రని ముడులుగా ఏర్పడతాయి. గ్లియా కణాలను బాగా తగ్గిస్తే తంతువులు దారి తప్పుతాయి, ముడులు సరిగా కట్టవు. తంతువులే రాకుండా చేస్తే గ్లియా కణాలు కదలవు. తంతువులు విడుదల చేసే అసిటైల్‌కోలిన్ గ్లియా కణాలలో కాల్షియంను పెంచుతుంది. ఆ కణాలు కదలడానికి కాల్షియం సంకేతం అవసరం. 1856లో విర్కో గ్లియా అని, అంటే జిగురు అని, పేరు పెట్టడం వల్లనేమో, మన తరగతులలో వీటికి ఒక వాక్యానికి మించి చోటు దక్కదు.

ఆ సంకేతాన్ని అందుకునేవి నికోటినిక్ తరహా గ్రాహకాలు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ పనిచేసేది కూడా కీటకాల నికోటినిక్ గ్రాహకాలపైనే. అయితే పెద్ద రెక్కల పురుగులో చూసినదాన్ని అర మిల్లీమీటరు కందిరీగకు నేరుగా అంటగట్టరాదని ఎవరైనా అంటే కాదనను. అందుకే పరీక్ష కావాలంటున్నాను. కార్డుపై గుడ్లు నల్లబడిన తరువాత, అంటే లోపల ప్యూపా దశ నడుస్తున్నప్పుడు, చంపని మోతాదులో మందు తగిలించి, బయటికి వచ్చిన ఆడపురుగులకు తాజా గుడ్లను కొంత దూరంలో ఉంచి, ఎన్నింటిని కనుగొన్నాయో మందు తగలని వాటితో పోల్చాలి. దీనికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అక్కరలేదు. అనకాపల్లి వంటి పరిశోధనా స్థానంలో పీజీ విద్యార్థి ఒక పంట కాలంలో చేయగలిగిన పని. తేడా కనిపిస్తే అప్పుడు మెదడును కోసి చూడవచ్చు.

ఫలితం వచ్చేవరకు కోటవురట్ల రైతుకు నేను చెప్పేది ఒక్కటే: తోటలో కార్డులు ఉన్న రోజులలో మందు కొట్టవద్దు.