కొలతలిచ్చి చేయించుకున్న బేస్ గిటార్

జాకెట్టు కుట్టించుకునేటప్పుడు భుజం ఇంత, చెయ్యి పొడుగు ఇంత అని దర్జీకి పదిసార్లు చెబుతాం. వాయిద్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం కొట్లో ఏది వేలాడుతుంటే దానికే మన చేతుల్ని సర్దుకుంటాం. నేను కొన్నాళ్ళు అలా సర్దుకుని, తర్వాత నా కొలతలకి ఒక ఎలక్ట్రిక్ బేస్ గిటార్ చేయించుకున్నాను. "నలభై దాటాక అంత డబ్బు పోసి అదెందుకమ్మా?" అని ఇక్కడ బహ్రెయిన్‌లో మనవాళ్ళు చాలామందే అడిగారు. ఈసారి కాలమ్ వాళ్ళకోసమే.

బేస్‌కి మామూలుగా నాలుగు తీగలు. మామూలు గిటార్ కంటే ఒక స్థాయి కిందన పలుకుతుంది. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటి నుంచి తీగ పొడవు 34 అంగుళాలన్నది వాడుకైపోయింది. ఆ కొలతలో మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకి అయిదు అంగుళాల పైచిలుకు దూరం. చిన్న చేతికి అది రోజూ శ్రమే. తీగ 30 అంగుళాలైతే ఆ దూరం నాలుగున్నరకి తగ్గుతుంది. ఇదేమీ పిల్లల బొమ్మ కాదు, బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ వాయించిన హాఫ్‌నర్ కూడా ఆ పొడవుదే. ఒక ఇబ్బంది ఉంది. తీగ పొట్టిదైతే బిగువు తగ్గి, అన్నిటికన్నా కింది తీగ కొంచెం వదులుగా పలుకుతుంది. కాస్త లావు తీగ వేస్తే చాలావరకు సరిపోతుంది.

నేను అడిగినవి మూడే: 30 అంగుళాల తీగ, సన్నటి మెడ, తేలికైన చెక్క. మామూలు బేస్ నాలుగు కిలోల దాకా తూగుతుంది. గంటసేపు మెడలో వేసుకుంటే ఎడమ భుజం లాగేస్తుంది.

ఆడవాళ్ళకి బేస్ ఏమిటంటారా? 1960లలో హాలీవుడ్ స్టూడియోల్లో కేరల్ కే వేల రికార్డింగులకి బేస్ వాయించింది. మన ముంబై అమ్మాయి మోహినీ డే రెహమాన్ కచేరీల్లో వాయించింది. ఇక ఈ దేశానికి కింది స్వరం కొత్తేం కాదు. ముత్యాల కోసం సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు పాడుకున్న ఫిజ్‌రీ పాటల్లో నహ్హామ్ పైన పాడుతుంటే మిగతావాళ్ళు అడుగు గొంతుతో హుంకరిస్తూ మోస్తారు. 2021లో యునెస్కో ఆ కళని తన జాబితాలో చేర్చింది. ముహర్రక్‌లో ఎప్పుడైనా ఫిజ్‌రీ వినే అవకాశం దొరికితే ఆ అడుగు గొంతుల్నే వినండి. బేస్ చేసే పనేమిటో అర్థమైపోతుంది.

ఇక్కడి వాతావరణంలో చెక్కని కాపాడుకోవడం వేరే పని. బయట సముద్రపు తేమ, లోపల రాత్రింబగళ్ళు ఏసీ. చెక్క తేమ పీల్చి, మళ్ళీ ఎండి, మెడ వంగుతుంది. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూస్తాను. మెడలోపల ఉండే ఇనుప కడ్డీని అవసరమైతే పావు చుట్టు తిప్పించుకుంటాను. జూలైలో కారులో వదిలేసి షాపింగ్‌కి మాత్రం వెళ్ళకండి. ఆర్డరిచ్చేటప్పుడు ఏ చెక్కో రాయించుకోండి. రోజ్‌వుడ్ రకాల్లో చాలావాటికి, తయారైన వాయిద్యమైతే, 2019 నవంబరు నుంచి అంతర్జాతీయ అనుమతి పత్రాల బెడద పోయింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి ఆ సడలింపు లేదు, దాని జోలికి పోవద్దు.

డబ్బు మాటకొస్తే, ఇది బంగారం కాదు. నా చేతికి చేసినది ఇంకొకరికి అమ్మితే పెట్టింది తిరిగి రాదు. అందుకే ముందు కొట్లో దొరికే పొట్టి బేస్ ఒకటి కొని ఏడాది వాయించండి. చెయ్యి ఎక్కడ నొప్పెడుతోందో అప్పుడే తెలుస్తుంది, ఆ నొప్పులే మీ కొలతలు.

పిల్లల కీబోర్డుకి, ఆయన కెమెరాకి లెక్క చూడకుండా ఇచ్చిన ఇంట్లో, నా పేరున ఒక్క వస్తువు అడగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు రాత్రి పది తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరగంట వాయిస్తాను. పక్కగదికి కూడా వినపడదు. భుజం నొప్పెట్టదు. ఆ అరగంటలో ఎవరూ నన్నేమీ అడగరు.