గురకే కదా అనుకోకండి!

పోయిన చలికాలం కొయ్యూరు వెళ్ళాను. మా బావగారు ఏజెన్సీలో పంతులుగా చేసి రిటైరయ్యాక, అక్కా ఆయనా అక్కడే స్థిరపడ్డారు. నర్సీపట్నం దాటాక ఇక కొండలే. అల్లూరి సీతారామరాజుని 1924 మే 7న కాల్చి చంపింది ఈ ఊళ్ళోనేనని చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం కదా, ఆ కొయ్యూరే. చలికి తలుపులన్నీ బిగించుకుని, అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకుని కబుర్లాడుతూ ఎప్పుడు నిద్రపోయామో తెలీదు.

అర్ధరాత్రి గురక చప్పుడుకి మెలకువ వచ్చింది. బావగారేమో అనుకున్నా. ఆయన గురక మా చుట్టాలందరికీ తెలుసు. తీరా చూస్తే అక్క! నవ్వొచ్చింది. అంతలో గురక టక్కున ఆగిపోయింది. ఛాతీ కదులుతోంది గానీ ఊపిరి చప్పుడు లేదు. భయమేసి అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాటాక, నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషిలా ఒక్కసారిగా గాలి పీల్చి మళ్ళీ గురక మొదలెట్టింది. కాసేపటికి మళ్ళీ అదే తంతు. ఇక నాకు నిద్రెక్కడిది?

తెల్లారి ఆ సంగతి చెబితే, "ఊరుకోవే, మీ బావగారు వింటే నవ్వుతారు" అని నా నోరు మూసేసింది.

అక్కకి రెండేళ్ళుగా బీపీ. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా తగ్గడం లేదు. లేవగానే తలనొప్పి. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ కునికిపాట్లు. "యాభై దాటాయి, ముట్లుడిగాయి, మామూలే" అని సరిపెట్టుకుంది. మాత్రలు మార్చిన డాక్టరుగారు నిద్ర సంగతి అడగలేదు. ఈవిడా చెప్పలేదు. తన గురకతో అక్క నిద్ర పాడవుతోందని బావగారు ఏనాడో హాల్లోకి మకాం మార్చారు. దాంతో అక్క గురక వినే మనిషే లేకుండా పోయారు!

ఈ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. ప్రమాదం వచ్చిందని మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆ కంగారులో గుండె దడదడా కొట్టుకుని, రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. నిద్రపోయే మనిషికి ఇదేం గుర్తుండదు. గంటకి అయిదుసార్ల లోపు ఆగితే ఫరవాలేదంటారు. ముప్ఫై దాటితే తీవ్రమైన జబ్బే.

మామూలుగా రాత్రిపూట మన రక్తపోటు పదో వంతు, అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. ధమనులకి దొరికే విశ్రాంతి అదే. ఆప్నియా ఉన్నవాళ్ళకి ఆ విశ్రాంతి ఉండదు. రాత్రంతా దెబ్బ మీద దెబ్బ తగిలి రక్తనాళాల లోపలి పొర పాడవుతుంది. సాగే గుణం పోయి నాళాలు గట్టిపడతాయి. పగలు కూడా బీపీ దిగనంటుంది. పక్షవాతానికీ గుండెజబ్బుకీ దారి తీసేది ఇదే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన చేత చిందులేయించిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఈ జబ్బే.

ఇది మగవాళ్ళ జబ్బని మనకో అపోహ. 1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో నడివయసు ఉద్యోగులను పరీక్షిస్తే, నూటికి 24 మంది మగవాళ్ళలో, 9 మంది ఆడవాళ్ళలో ఊపిరి ఇలా గంటకి అయిదుసార్లో, అంతకన్నా ఎక్కువో ఆగుతోందని తేలింది. కానీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు అంతకన్నా చాలా తక్కువ. ఎందుకంటారా? మగాడి గురక భార్య వింటుంది, పోరి పోరి తీసుకెళుతుంది. ఆడదాని గురక మాత్రం నామోషీ! పైగా మనలో చాలామందికి గురక కన్నా నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, దిగులు ఇవే పైకి కనిపిస్తాయి. వాటికి ఇంటి చాకిరీ అనో, వయసు అనో పేరు పెట్టేస్తాం. ముట్లుడిగాక ఈ ముప్పు పెరుగుతుంది. గర్భిణికి కొత్తగా గురక మొదలైతే అదీ డాక్టరుకి చెప్పాల్సిన మాటే, ఎందుకంటే దానికీ ఆ సమయంలో వచ్చే బీపీకీ సంబంధం ఉంది.

చివరికి అక్కని విశాఖ తీసుకెళ్ళి నిద్ర పరీక్ష చేయించాం. గంటకి 34 సార్లు ఊపిరి ఆగుతోందన్నారు! ముక్కుకి తొడుగు పెట్టుకుని పడుకుంటే గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా చూసే సీపాప్ మిషన్ రాశారు. ఆస్ట్రేలియా డాక్టరు కొలిన్ సలివన్ 1981లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. వేలల్లో ఖర్చు. కొండల్లో కరెంటు పోయిన రాత్రి అది పనిచేయదు. ఇదేం మంత్రదండం కూడా కాదు. అప్పటికే గుండెజబ్బో, పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా రోగులతో ఏడు దేశాల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. మిషన్ వల్ల పగటి మత్తు, గురక తగ్గాయి గానీ గుండెపోట్లు తగ్గలేదు. అయితే వాళ్ళు దాన్ని రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే వాడారు. అందుకే జబ్బు ముదిరేదాకా ఆగకూడదనీ, పెట్టుకుంటే రాత్రంతా పెట్టుకోవాలనీ నాకు అనిపిస్తుంది. బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి. రాత్రి జీలుగు కల్లయినా సీసా సారా అయినా గొంతుని ఇంకా వదులు చేస్తుంది. మగవాళ్ళకి ఈ ముక్క చెప్పండి!

కొయ్యూరులాంటి చోట్ల నిద్ర పరీక్షకి కొండ దిగాల్సిందే. కానీ బీపీ చూడ్డానికి ఆరోగ్య కేంద్రం ఉంది, ఇంటికొచ్చే ఆశా ఉంది. బీపీ పట్టీ చుట్టేటప్పుడు "గురక వస్తుందా? మధ్యలో ఊపిరి ఆగుతుందని ఇంట్లో ఎవరైనా అన్నారా?" అని రెండు ప్రశ్నలు అడగడానికి ఖర్చేముంది? అడగకపోతే మనమే చెబుదాం. మొదటి పరీక్షకి యంత్రం అక్కర్లేదు. ఒక రాత్రి పక్కన మెలకువగా ఉండే మనిషి చాలు. మీ అమ్మ, అత్తగారు, వదిన ఒంటరిగా పడుకుంటున్నారా? ఒక్క రాత్రి వాళ్ళ పక్కన పడుకోండి. గురక ఆగితే హమ్మయ్య అనుకోకండి, అంకెలు లెక్కపెట్టండి.

మా అక్క బీపీ మాత్రలు మానలేదు, డాక్టరు చెప్పకుండా మానకూడదు కూడా. కానీ పొద్దుటి తలనొప్పి పోయింది. బీపీ దారికొస్తోంది. మొన్న ఫోన్లో, "ఇన్నాళ్ళూ పడుకున్నానే గానీ నిద్రపోలేదే!" అంది. ఇప్పుడు బావగారికీ పరీక్ష చేయిస్తానని పట్టుబట్టి కూచుంది!